రెండు పాటలకు ఒకే అడుగు

పిల్లలూ! జగిత్యాల దగ్గరి ఒక పల్లెనుంచి ఎనిమిదవ తరగతి చదివే అబ్బాయి ఈ పేజీకి ఉత్తరం రాశాడు. వాళ్ళ అన్న పెండ్లి ఊరేగింపులకు డీజే పెట్టేవాళ్ళ దగ్గర పని నేర్చుకుంటున్నాడట. "మీట నొక్కితే పాట వస్తుంది. దానికి నేర్చుకునేది ఏమున్నదిరా?" అని వాళ్ళ బాపు రోజూ కోప్పడుతున్నాడట. "సారూ, అందులో నేర్చుకునేది నిజంగా ఉన్నదా, లేదా? మీరు ఏది చెబితే అది మా బాపు ఒప్పుకుంటాడు" అని అబ్బాయి అడిగాడు.

ఉన్నది బాబూ. కావలసినంత ఉన్నది. అయితే అది మీట నొక్కడంలో లేదు, చెవిలో ఉన్నది. ఈ నెల ఆ సంగతే చెప్పుకుందాం. మీ బాపును కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

మొదట ఊరేగింపును తలుచుకోండి. ముందు పెండ్లివారి పిల్లలు ఎగురుతున్నారు. వెనుక వ్యానుమీద పెద్ద పెద్ద బేస్ పెట్టెలు. ఒక పాట అయిపోవచ్చింది. రెండవ పాట రావాలి. మధ్యలో పాట ఆగితే కాళ్ళు ఆగుతాయి. ఆగకుండా, వేరే వేగం గల పాట ఉన్నట్టుండి వచ్చి పడితే ఇంకా ఇబ్బంది: సగం మంది పాత పాటకు అడుగు వేస్తారు, సగం మంది కొత్త పాటకు వేస్తారు, ఒకరి కాలు ఒకరు తొక్కుతారు. నేర్పుగల డీజే ఏం చేస్తాడంటే, మొదటి పాట ఇంకా నడుస్తుండగానే రెండవ పాటను దాని కిందుగా మెల్లగా తెస్తాడు. కాసేపు రెండు పాటలూ కలిసి నడుస్తాయి. తరువాత మొదటిది తప్పుకుంటుంది. ఎగిరేవాళ్ళ కాళ్ళకు ఈ మార్పు తెలియనే తెలియదు. దీనిని 'బీట్ మ్యాచింగ్' అంటారు. మనం 'అడుగు కలపడం' అందాం.

ఇది ఎందుకు కష్టమో మీ అమ్మమ్మను అడగండి. ఒకే రోటిలో ఇద్దరు రెండు రోకళ్ళతో దంచడం ఆమె చూసే ఉంటుంది. ఒకరి రోకలి పైకి లేచినప్పుడు ఇంకొకరిది కిందికి దిగాలి. ఇద్దరి వేగమూ ఒకటే కావాలి. ఒకరు ఏ కొంచెం తొందరపడినా నాలుగు దెబ్బలు పోయేసరికి రోకలికి రోకలి తగులుతుంది. వేగం ఒకటే అయితే చాలునా? చాలదు. ఇద్దరూ ఒకే వేగంతో, ఒకే క్షణంలో దించినా రోకళ్ళు కొట్టుకుంటాయి! అంటే ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. దెబ్బ ఎంత వేగంగా పడుతున్నదన్నది ఒకటి. దెబ్బ ఎక్కడ పడుతున్నదన్నది రెండవది. రోటి దగ్గర ఒకరి దెబ్బ ఇంకొకరి రెండు దెబ్బలకు సరిగ్గా నడుమ పడాలి. డీజే దగ్గర దెబ్బమీద దెబ్బ పడాలి. తేడా అంతే.

ఈ రెండింటినీ కంటితో చూసే ఉపాయం ఒకటి చెబుతాను. రెండు చిన్న రాళ్ళు, కొంచెం దారం తీసుకోండి. కదలని గట్టి దూలానికి రెండు రాళ్ళనూ జానెడు ఎడంగా వేలాడదీయండి. ముడి దగ్గరనుంచి రాయి నడుమవరకు మొదటి దారం పొడవు 25 సెంటీమీటర్లు ఉండాలి. రెండవది 23 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్లు ఉండాలి. రెండింటినీ ఒకే పక్కకు కొంచెం లాగి, ఒకేసారి వదలండి. ఎక్కువ లాగితే లెక్క తప్పుతుంది. రాయి ఇటు అంచుకు వచ్చినా, అటు అంచుకు పోయినా ఒక 'దెబ్బ' అని లెక్కపెట్టండి. మొదటి రాయి నిమిషానికి దాదాపు 120 దెబ్బలు వేస్తుంది, రెండవది దాదాపు 124. రాయి బరువుతో దీనికి పనిలేదు. దారం పొడవుతోనే పని.

ఇప్పుడు తమాషా చూడండి. మొదట రెండూ జంటగా ఊగుతాయి. నాలుగైదు సెకండ్లకు ఒకటి వెనుకబడినట్టు కనపడుతుంది. ఏడున్నర సెకండ్లకు పొడుగు దారపు రాయి అంచు దగ్గర ఉంటే, పొట్టి దారపు రాయి సరిగ్గా నడుమ ఉంటుంది. ఇది రోటి దగ్గర దంచే లెక్క! పదిహేను సెకండ్లకు రెండూ మళ్ళీ ఒకే క్షణంలో అంచులకు చేరుతాయి. కాని ఒకటి ఇటు అంచుకు, ఒకటి అటు అంచుకు. పొట్టిది అప్పటికి ఒక దెబ్బ ఎక్కువ వేసిందన్నమాట. అర నిమిషం అయ్యాక రెండూ మళ్ళీ జంటగా ఇటువైపుకే వస్తాయి. నిమిషానికి నాలుగే దెబ్బల తేడా ఎంత పని చేస్తున్నదో చూశారా? రెండు పాటల మధ్య ఇదే తేడా ఉన్నదనుకోండి. ఏడెనిమిది సెకండ్లలో వినేవాళ్ళకు గుర్రం మెట్లు దిగుతున్నట్టు వినపడుతుంది. నిజానికి అంతవరకు ఆగనే అక్కరలేదు. రెండు దెబ్బలకు నడుమ సెకండులో ఇరవయ్యో వంతు ఎడం వస్తే చాలు, చెవి వాటిని రెండుగా వింటుంది.

రెండవ ప్రయోగం. ఈసారి రెండు దారాలనూ సరిసమానంగా కట్టండి. ఒక రాయిని వదిలి, క్షణం ఆగి రెండవదానిని వదలండి. ఇవి ఎప్పటికైనా కలుస్తాయా? కలవవు. వేగం ఒకటే, చోటు వేరు. మరి వీటిని కలపాలంటే ఎట్లా? వెనుకబడిన రాయిని వేలితో రవ్వంత ముందుకు తోయాలి. డీజే చేసేది కూడా అచ్చంగా ఇదే.

అతని ముందు రెండు వాద్యాలు ఉంటాయి. పూర్వం గ్రామఫోను పళ్ళేలు తిరిగేవి, ఇప్పుడు ల్యాప్‌టాప్‌కు తగిలించిన చక్రాలు ఎక్కువ. జనం మొదటి పాట వింటుంటారు. రెండవ పాట అతని హెడ్‌ఫోనులోనే వినపడుతుంది. హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకుని, రెండవ చెవిని బయటి పాటకు వదిలిపెడతాడు. ఒక చెవితో ఒక పాట, ఇంకొక చెవితో ఇంకొక పాట! మొదట నాలుగు దెబ్బల వరుసలో 'ఒకటి' ఎక్కడ పడుతున్నదో పట్టుకుంటాడు. బయటి పాటలో 'ఒకటి' పడిన క్షణానికే తన పాటలోని 'ఒకటి' వదులుతాడు. తరువాత వింటాడు. తన పాట ముందుకు పోతున్నదా, వెనుకబడుతున్నదా? వేగపు మీటను కొంచెం జరుపుతాడు. చక్రాన్ని వేలితో తాకి చోటు సర్దుతాడు. మళ్ళీ వింటాడు. నేర్చుకునే రోజుల్లో ఇదే చాలా కష్టం. జారుతున్నదని తెలుస్తుంది గాని, ముందుకు జారుతున్నదో వెనుకకు జారుతున్నదో తెలియదు. అందుకే మంచి గురువులు తేలిక ఉపాయం చెబుతారు: ఒకే పాటను రెండు పళ్ళేలలోనూ పెట్టుకుని, ఒకదాని వేగం కావాలని మార్చి, దానిని చెవితో తిరిగి కలపడం. జవాబు తెలిసిన లెక్కను మొదట చేయించడం వంటిదే ఇది.

ఈ విద్య పుట్టి ఎంతో కాలం కాలేదు. 1960ల చివర న్యూయార్కులో ఫ్రాన్సిస్ గ్రాసో అనే ఆయన 'శాంక్చువరీ' అనే నృత్యశాలలో రికార్డులు వేసేవాడు. అది అంతకు ముందు చర్చి! దెబ్బకు దెబ్బ కలిపి పాటలు మార్చే పద్ధతికి దారి తీసినవాడని ఆయనను చెప్పుకుంటారు. ఒక రికార్డును చేత్తో ఆపి పట్టుకుని, దాని కింద పళ్ళెం తిరుగుతూనే ఉండగా, సరైన క్షణానికి వదిలేవాడు. తరువాత 1972లో జపానులోని మత్సుషిత కంపెనీ టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200 అనే యంత్రం తెచ్చింది. 1979లో వచ్చిన దాని రెండవ రకంలో వేగాన్ని నూటికి 8 వంతులు పెంచడానికి, 8 వంతులు తగ్గించడానికి జారుడు మీట పెట్టారు. అప్పటినుంచి ప్రపంచమంతటా డీజేలు దానిమీదనే చేతులు తిప్పుకున్నారు.

రికార్డు వేగం పెంచితే ఇంకొక చిక్కు వస్తుంది. గొంతు కూడా పైకి పోతుంది. నూటికి 6 వంతులు పెంచితే పన్నెండు స్వరస్థానాలలో ఒక మెట్టు ఎక్కినట్టే. ఇప్పటి యంత్రాలు గొంతు మార్చకుండానే వేగం మార్చగలవు. అయినా మరీ ఎక్కువ సాగదీస్తే పాట పాడైపోతుంది, వింటే మీకే తెలుస్తుంది.

ఇక లెక్కల దగ్గరకు వద్దాం. ఎలక్ట్రానిక్ నృత్య సంగీతంలో చాలా రకాలు ఉన్నాయి. 1980లలో అమెరికాలోని షికాగోలో పుట్టిన 'హౌస్' నిమిషానికి సుమారు 120 నుంచి 130 దెబ్బలు నడుస్తుంది. డెట్రాయిటులో పుట్టిన 'టెక్నో' దానికంటె కొంచెం చురుకు. 1990లలో ఇంగ్లండులో పెరిగిన 'డ్రమ్ అండ్ బేస్' 170కి పైమాటే. 120 దెబ్బల పాటకు 124 దెబ్బల పాట కలపాలంటే మొదటిదాని వేగం నూటికి ఎన్ని వంతులు పెంచాలి? ఐదవ తరగతి లెక్క. 120కి 4 అంటే నూటికి మూడు, మూడింట ఒకటి. సరే, 87 దెబ్బల పాటకూ 174 దెబ్బల పాటకూ కలుపు కుదురుతుందా? కుదురుతుంది. రెండవది మొదటిదానికి రెట్టింపు గనుక, నెమ్మది పాట ఒక అడుగు వేసేలోపల చురుకు పాట రెండు అడుగులు వేస్తుంది. తండ్రి చేయి పట్టుకుని కొడుకు నడుస్తున్నట్టు.

మన ఊళ్ళలో అసలు పరీక్ష వేరే ఉన్నది. అది తీన్మార్. పేరులోనే మూడు ఉన్నది. కరీంనగర్ జిల్లాలో ఏ పండుగలో అయినా డప్పు దగ్గర నిలబడి చెవిపెట్టి వినండి. డప్పు కళాకారుడు కుడిచేతి సిర్రతో పెద్ద దెబ్బ వేస్తాడు. ఎడమచేతి చిటికెన పుల్ల సన్న దెబ్బలతో దానిని నింపుతుంది. ఒక్కొక్క అడుగు మూడు ముక్కలుగా విరుగుతున్నట్టు వినపడుతుంది. హౌస్ సంగీతంలో ఒక్కొక్క అడుగు నాలుగు ముక్కలుగా విరుగుతుంది. రెండింటి పెద్ద అడుగులూ నిమిషానికి 120 చొప్పునే ఉన్నాయనుకోండి. డప్పు సన్న దెబ్బలు నిమిషానికి 360, హౌస్ సన్న దెబ్బలు 480. పెద్ద దెబ్బలు చక్కగా కలిసినా సన్నవి ఒకదాని కాళ్ళలో ఒకటి పడి గందరగోళం చేస్తాయి. యంత్రంమీద అంకెలు 120, 120 అని చూపిస్తూనే ఉంటాయి. జనం మాత్రం మొహాలు చిట్లిస్తారు.

తెలిసినవాడు రెండు ఉపాయాలు చేస్తాడు. ఒకటి: హౌస్ పాటలోని సన్న చప్పుళ్ళను మీట తిప్పి పూర్తిగా తగ్గించి, అడుగున ఉండే బరువు దెబ్బను మాత్రమే ఉంచుతాడు. దానిమీద డప్పు సుఖంగా నడుస్తుంది. రెండవది ఇంకా అందమైనది. 120 అడుగుల తీన్మార్‌కు 120 అడుగుల పాట కాక, 90 అడుగుల పాట వెతుకుతాడు. 90ని నాలుగు ముక్కలు చేస్తే ఎంత? 360! ఇప్పుడు సన్న దెబ్బలన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. డప్పు వాటిని మూడేసిగా కట్టగడుతుంది, రెండవ పాట నాలుగేసిగా కట్టగడుతుంది. పన్నెండు సన్న దెబ్బలకు ఒకసారి పెద్ద దెబ్బలు కలుస్తాయి. మూడుకూ నాలుగుకూ కనిష్ఠ సామాన్య గుణిజం పన్నెండు కదా! ఈ లెక్క దేనికి పనికివస్తుంది సార్ అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ళకు ఇది చెప్పండి.

"ఇప్పుడు యంత్రంలో 'సింక్' అనే మీట ఉన్నది, అది నొక్కితే అదే కలుపుతుంది" అని మీలో కొందరు అంటారు. నిజమే. దానిని నేను తప్పుపట్టను. ఎక్కాలు వచ్చినవాడు కాలిక్యులేటరు వాడితే ఏం నష్టం? కాని ఆ మీట యంత్రం చేసిన పాటలను బాగా కలుపుతుంది, మనుషులు వాయించిన పాటలకు తరచు తికమకపడుతుంది. మూడు ముక్కల నడకను నాలుగు ముక్కలదిగా లెక్కగట్టి తప్పు అంకె చూపిస్తుంది. పైగా డప్పు వాయించేవాడు గడియారం కాదు. చర్మం బిగియడానికి డప్పును మంటకు కాచి, వాయించడం మొదలుపెట్టి, ఎదుటివాళ్ళ ఉత్సాహం చూసి వేగం పెంచుతాడు. పాట మొదట 112 ఉంటే చివరకు 120కి పోవచ్చు. అటువంటి పాటను కలపాలంటే చెవి పెట్టుకుని, వేలు చక్రంమీదనే ఉంచి, పాట పొడుగునా వెంట నడవాలి.

ఆదిలాబాద్ అడవి పల్లెలకు దీపావళి రోజుల్లో పోయినవాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అప్పుడు గోండుల దండారి పండుగ. నెమలి ఈకల టోపీలు పెట్టుకుని గుస్సాడీలు ఆడుతుంటే డోలు, తుడుం మోగుతాయి. మార్లవాయి గ్రామానికి చెందిన కనక రాజు ఈ నృత్యాన్ని ఎందరికో నేర్పినవాడు. ఆయనకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో కాలం చేశాడు. గుస్సాడీ కాలికి గజ్జెలు ఉంటాయి. డోలువాడు ఆ కాలును చూస్తాడు, ఆడేవాడు డోలును వింటాడు. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం. ఇప్పుడు ఇటువంటి వాద్యాల చప్పుళ్ళను రికార్డు చేసి, కింద యంత్రపు దెబ్బ వేసి డీజే పాటలుగా చేస్తున్నారు. కొన్ని వినడానికి బాగానే ఉంటాయి. చాలావాటిలో మాత్రం, యంత్రం లెక్కలో ఇమడడానికి డోలు దెబ్బలను ముక్కలుగా కోసి గడుల్లో పెట్టినట్టు ఉంటుంది. అప్పుడు వినపడేది డోలు చప్పుడే, నడక మాత్రం డోలుది కాదు. మనిషి వేసిన అడుగుకు యంత్రాన్ని కలపడమే విద్య అని నా అభిప్రాయం. అది కష్టమే. కాని చేయగలవాళ్ళు ఉన్నారు.

బతుకమ్మ దగ్గర కూడా ఇదే పేచీ. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగేటప్పుడు వేగం ఎవరు పెడతారు? పాట చెప్పే ఆమె పెడుతుంది. వరుసలో ముసలమ్మ ఉంటే అందరూ నెమ్మదిస్తారు, పడుచుపిల్లలే మిగిలితే వేగం పెరుగుతుంది. డీజే పెట్టెలు వచ్చాక ముసలమ్మలు పక్కకు పోయి కూర్చోవడం చాలా చోట్ల చూస్తున్నాం. పెట్టె వాళ్ళకోసం నెమ్మదించదు గదా! కాని పెట్టె వెనుక ఉన్నవాడు నెమ్మదించగలడు. వేగపు మీట ఉన్నది అందుకే. ఉత్తరం రాసిన అబ్బాయీ, మీ అన్నతో ఈ మాట చెప్పు: తెరమీది అంకెలను కాక, అప్పుడప్పుడు కాళ్ళను చూడమను. నూటికి ఐదారు వంతులు వేగం తగ్గిస్తే ఎంతమంది తిరిగి వరుసలోకి వస్తారో అతనే చూస్తాడు.

బాపుగారికి ఒక మాట. మీ కోపంలో సగం చప్పుడుమీద అయి ఉంటుంది. ఆ సగం న్యాయమే. అడుగు కలపడానికీ పెద్ద చప్పుడుకూ ఏ సంబంధమూ లేదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడు రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగం అవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే! ఊరేగింపు పెట్టెల పక్కన రాత్రంతా నిలబడేవాడి చెవి ఏమవుతుంది? చెవిలోపల చప్పుడును పట్టే సన్నని వెంట్రుకల వంటి కణాలు ఒకసారి చచ్చిపోతే మనుషులలో తిరిగి పుట్టవు. చెవితో బతికే విద్యలో చెవినే పోగొట్టుకోవడం ఎటువంటి తెలివి? మన దేశపు 2000 సంవత్సరపు నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు మోగించరాదు. ప్రభుత్వాలు ఏడాదిలో కొన్ని పండుగ రోజులకు మాత్రమే అర్ధరాత్రివరకు సడలింపు ఇవ్వవచ్చు. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే పెట్టెలను నిషేధించారు కూడా. అందుచేత అబ్బాయికి చెవుల్లో పెట్టుకునే బిరడాలు కొనిపెట్టండి, పెట్టెలకు ఎదురుగా నిలబడవద్దని చెప్పండి, చప్పుడు తగ్గించమని గట్టిగా అడగండి. పని మాత్రం మాన్పించవద్దు. ఒక్కసారి హెడ్‌ఫోను మీరు పెట్టుకుని, రెండు పాటలు కలిపి చూడండి. తరువాత కోప్పడాలనిపిస్తే కోప్పడవచ్చు.

పిల్లలూ, ఇప్పుడు మీకు పని. 25 సెంటీమీటర్ల దారం 120 దెబ్బలు వేస్తుందని చెప్పాను. 90 దెబ్బలు వేయాలంటే దారం ఎంత పొడుగు ఉండాలి? సూచన ఇస్తాను: దారాన్ని నాలుగు రెట్లు చేస్తే దెబ్బలు సగమే అవుతాయి. ఆ పొడవు కనుక్కుని, 25 సెంటీమీటర్ల దారం పక్కన కట్టి, రెండింటినీ ఒకేసారి ఒకే పక్కనుంచి వదలండి. రెండు రాళ్ళూ ఒకే క్షణంలో అంచులకు చేరేది ఎన్ని సెకండ్లకు ఒకసారి? అప్పుడు రెండూ ఒకే వైపున ఉంటాయా, చెరొక వైపున ఉంటాయా? రాసి పంపండి. జవాబుతోపాటు, మీ ఊరి డప్పు నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తుందో కూడా రాయండి. పదిహేను సెకండ్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరి.